తెల్ల బొమ్మ

“ఈ పిల్ల మొహం కనబడ్తలేదు. వేషం శోభారాణికియ్యుండ్రి,” అన్నాడు రాంప్రసాద్ సార్, హాలు మధ్యలో కుర్చీలోంచి లేవకుండానే. వెనక వరసలో కూర్చున్న తెల్లటి పిల్ల శోభారాణి తలెత్తి చూసింది.

వరంగల్‌లోని ఆ కాలేజీ నాటక విభాగానికి హెడ్డూ ఆయనే, డైరెక్టరూ ఆయనే. సాయంత్రమే ప్రదర్శన. వేదిక మీద మగ్గం ముందు కూర్చున్న సరోజన చేతిలో, పోగుల మధ్య దారాన్ని అటూ ఇటూ నడిపే నాడె అలాగే ఆగిపోయింది. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి పిల్ల. ఇన్నాళ్లూ గుంపులో నిలబడే వేషాలు వేసీ వేసీ, మొదటిసారి మాటలున్న వేషం దక్కించుకుంది.

లైట్ల బోర్డు దగ్గర నుంచి మహిత పరుగెత్తుకొచ్చింది. ఆమె లైటింగ్ విద్యార్థిని. ఈ నాటకానికి ఏ లైటు ఎక్కడ, ఎంత వెలగాలో లాప్‌టాప్‌లో అంతా తనే తయారుచేసింది.

“సార్, తప్పు నాది. సరోజనది గాదు.”

“నీదేంది? కంప్యూటర్ల జూపిస్తే మస్తుండె గదా.”

“దాంట్ల నిలబెట్టే బొమ్మ తెల్లగుంటది సార్. దాని మొహం జూసుకుంటనే లైట్లు పెట్టిన. సరోజనను ఒక్కసారన్న నిలబెట్టి జూడలె.”

సార్ నవ్వాడు. “బొమ్మను మార్చుడు కంటే మనిషిని మార్చుడు అల్కగ అయితది గదా.”

“జర టైమియ్యుండ్రి సార్. శోభకు నాడె పట్టుడు గూడ రాదు.”

“నాడె ఎవడు జూస్తడు? మొహం జూస్తరు. సరే, నేను తినొచ్చేదాంక. మొహం కనబడకపోతే మల్ల నన్నడగద్దు.”

కనబడితే వేషం సరోజనదే అన్నట్టు. మహిత అలాగే అర్థం చేసుకుంది.

ముందు బొమ్మ రంగు మార్చింది. సాఫ్ట్‌వేర్‌లో ఆ సదుపాయం మొదటినుంచీ ఉంది, ఎవరూ వాడలేదంతే. తనూ వాడలేదు. మౌస్ మీదున్న తన చెయ్యి కూడా సరోజన రంగే కావడం చూసి సిగ్గేసింది.

వెనక తెల్ల తెర మీద వెలుగు బాగా తగ్గించింది. అది అంతలా వెలుగుతుంటే దాని ముందున్న మనిషి నీడైపోతోంది. నీలం రంగు లైటు తీసేసింది. నెత్తి మీద నిలువుగా పడుతున్న లైటును దింపి, పక్క స్టాండుకు మొహమంత ఎత్తులో బిగించి, పసుపు రంగు పెట్టింది.

“కనబడ్తాన్ననా?” కదలకుండా అడిగింది సరోజన.

“జర ఆగవే.”

బోర్డు మీద ఆఖరి మీట పైకి జరిపేసరికి కళ్ళు, చెంపలు, పైపెదవి మీది చెమట, అన్నీ తేటగా బయటపడ్డాయి. తెర కడుతున్నవాళ్లు పని ఆపి చూశారు. మహితకు ఏడుపొచ్చింది. చదివిన చదువు ఒక మనిషికి పనికొచ్చినందుకు వచ్చిన ఏడుపది.

“మంచిగ కనబడ్తానవే. మస్తు కనబడ్తానవ్.”

“అయితే అమ్మకు ఫోన్ జేస్త. వాడ మొత్తాన్ని తోలుకొస్తనన్నది.”

సార్ మూతి తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు. చాలాసేపు చూశాడు.

“శెబాష్ మహితా. లైటు ఇగ జర గూడ కదపకు,” అని తన వెనకే వచ్చిన శోభారాణి వైపు తిరిగాడు.

“శోభా, పోయి ఆ మగ్గం కాడ కూసో బిడ్డా. ఈ పిల్లే గింత మెరిస్తే, నువ్వెట్లుంటవో జూద్దాం.”