డెమో క్లాసు

"ఇంకా ఎత్తుకి! కప్ప అలాగేనా గెంతేది?"

మంజూష కసిరిన కసురుకి తారక్ మళ్ళీ గెంతాడు. పొట్ట ఊగింది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"నోరు కూడా కదలాలి. మీ కాళ్ళు చూస్తూనే పిల్లలు మాట నేర్చుకుంటారు."

"జంప్! ఫ్రాగ్ జంప్!" ఎదురుగా పిల్లలున్నట్టే ఊహించుకుని అరిచాడు తారక్.

అమీర్‌పేటలో ఓ కోచింగ్ సెంటర్ పైన ఇరుకు గది. మంజూష బోర్డు పెట్టి నెలైంది. విదేశంలో చిన్నపిల్లలకు వ్యాయామం, ఇంగ్లీషు కలిపి నేర్పే ఉద్యోగాలు. ఫ్లెక్సీ మాత్రం ఒక్కటే కట్టించింది, పంజాగుట్టలో ఓ హాస్టల్ సందు మొదట్లో.

టీ తెచ్చిన భూలక్ష్మి గుమ్మంలోనే ఆగిపోయింది.

"జర ఇడిసిపెట్టు మేడం. పానం పోయేటట్టున్నది పాపం."

"పోదులే. గట్టి ప్రాణం."

మంజూష కత్తిరించిన జుట్టు చెవి వెనక్కి తోసుకుని గ్లాసు అందుకుంది. ఈ ఉద్యోగం సంగతి ఆమెకు బాగా తెలుసు. తనూ ఒకప్పుడు అక్షరాల అట్టలు బ్యాగులో సర్దుకుని విమానమెక్కింది. అక్కడ బడి లేదు. పిల్లలు లేరు. ఊచల కిటికీల భవనం ఉంది. ఫోన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళను మోసం చెయ్యమన్నారు. చెయ్యనంటే కరెంటు షాకులిచ్చారు.

బయటపడిన రోజే ఒట్టు పెట్టుకుంది. తను అనుభవించిందంతా ఇంకొకరికి చూపించాలని.

తారక్ రొప్పుతూ కుర్చీలో కూలబడ్డాడు.

"పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుంది మేడమ్?"

"మీ దగ్గరే."

"అక్కడికెళ్ళాక పని మార్చెయ్యరు కదా?"

"అబ్బో, మీరు చాలా జాగ్రత్తపరులే!"

"రోజులు బాగోలేవు మేడమ్. చుట్టూ దొంగ కన్సల్టెన్సీలే." మొహం తుడుచుకుని నవ్వాడు. "మీ మీద నమ్మకం ఎందుకు కుదిరిందో తెలుసా? డెమో అడిగారు. దొంగలు డెమో అడగరు. పిల్లలే లేని చోటికి డెమో ఎందుకు?"

"నిజమే," అంది మంజూష.

"మిమ్మల్నెక్కడో చూసినట్టుంది."

"అమీర్‌పేటలో అందరికీ అందరూ ఎక్కడో చూసినట్టే ఉంటారు. ఎప్పుడు బయల్దేరతారు?"

"రేపన్నా రెడీ. ఇక్కడ కొందరు నాకోసం వెతుకుతుంటే ఆ పంజాగుట్ట హాస్టల్లో తలదాచుకుంటున్నాను. ఇంట్లో కూడా చెప్పకుండా వెళ్ళిపోతాను."

"మరీ మంచిది. విమానం దిగగానే స్కూలు కారు వస్తుంది. ఎక్కి కూర్చోండి చాలు."

ఆ కారు ఎటు వెళ్తుందో మంజూషకు తెలుసు. పాస్‌పోర్టు ఏ మలుపులో లాక్కుంటారో కూడా తెలుసు.

తారక్ వంగి వంగి నమస్కారాలు పెట్టి మెట్లు దిగాడు. మంజూష ఫోన్ తీసింది. ఆ భవనంవాళ్ళ నంబరు అందులో ఇంకా ఉంది. 'ఒకడు వస్తున్నాడు' అని మెసేజ్ పెట్టింది.

భూలక్ష్మికి మింగుడుపడలేదు.

"పొద్దుగాల వచ్చిన పోరి మస్తు ఎగిరింది. ఖాళీల్లేవని ఎల్లగొడితివి. ఇంతమంది వస్తే గీ పొట్టాయన ఒక్కడే నచ్చిండా నీకు?"

"ఒక్కడే చాలు భూలక్ష్మీ. సాయంత్రం ఆ బోర్డు పీకించెయ్."

"మరి తీసుకునేటోనికి గన్ని గెంతులు ఎందుకు పెట్టినవ్?"

మంజూష కిటికీలోంచి చూసింది. కింద తారక్ షేర్ ఆటో ఎక్కుతున్నాడు, ఈలపాట పాడుకుంటూ.

అప్పట్లో పొడుగు జడతో, మెడలో విజిల్‌తో వచ్చిన మంజూష డెమో ఇస్తానంటే, "నీకు డెమో ఎందుకమ్మా, ఆ నవ్వు చాలు" అని ఆమెను విమానమెక్కించిన ఏజెంటు ఈ తారకే.