అడగని మర్యాద

“ఆ గేటు తియ్యకు నోయలీన్.”

యూప్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపలేదు. పక్కన నిలబడి చెప్పాడంతే. గేటు అవతల ఉనైసీ ఇల్లు. రేపు పొద్దున పది గంటలకు చర్చిలో ఉనైసీకీ గ్లెన్‌కీ పెళ్ళి.

“ఆమెకు తెలియాలి,” అంది నోయలీన్.

“ఏం తెలియాలి? పద్దెనిమిదేళ్ళ కిందట మీ ఆస్ట్రేలియాలో ఏదో జరిగిందనా? అప్పుడు వాడి పేరు గ్లెన్ కూడా కాదన్నావు. ఇదంతా నీకెలా తెలుసంటే మాత్రం చెప్పవు.”

“చెప్పను.”

“నేననేదీ అదే. ఈ సవుసవు ఊళ్ళో కొండమీద ఇళ్ళు కట్టుకుని పాతిక మంది తెల్లవాళ్ళం ఉన్నాం. నా దేశం వదిలి ఫిజీ ఎందుకొచ్చానో నువ్వెప్పుడైనా అడిగావా? నేను నిన్ను అడిగానా? ఈ అడగని మర్యాద మీదే మనం బతుకుతున్నాం. ఇవాళ నువ్వు ఒకడి గుట్టు విప్పావంటే రేపు నీది విప్పుతారు.”

నోయలీన్‌కు కోపం రాలేదు, భయమూ వెయ్యలేదు. చాలా ఏళ్ళుగా ఆమెకు ఏదీ పెద్దగా అనిపించడం లేదు. గేటు తీసుకుని లోపలికి వెళ్ళింది. యూప్ టోపీ సర్దుకుని కొండ దిగిపోయాడు.

ఉనైసీ వరండాలో కూర్చుని, పెళ్ళిలో పరిచే చాప అంచుకు రంగురంగుల ఉన్ని కుడుతోంది. నలభై ఆరేళ్ళ మనిషి. భర్త పోయాక బజారులో కర్రపెండలం అమ్మి ఇద్దరు ఆడపిల్లల్ని చదివించింది.

“రా అక్కా, రా! రేపు రావలసినదానివి ఇవాళే వచ్చావే? కేకు అయిపోతుందని బెంగా?” అని నవ్వి, నిమ్మాకు టీ పోసిచ్చింది.

టీ పొగలు కక్కుతోంది. నోయలీన్ ఒక్క గుక్కలో సగం తాగేసింది.

“అయ్యో, నోరు కాలలేదూ?”

“లేదు. పెళ్ళవగానే పడవలో వెళ్తున్నారట కదా?”

“రెండు వారాలు. మేమిద్దరమే. దీవులన్నీ తిప్పుతాడట. బజారులో వాళ్ళందరికీ ఒకటే కుళ్ళు.”

“వెళ్ళకు ఉనైసీ.”

సూది ఆగింది.

“గ్లెన్ మొదటి భార్య పడవలోంచి పడి చచ్చిపోయింది. అప్పుడూ పడవలో వాళ్ళిద్దరే.”

“నేను ఈదగలనక్కా. సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని.”

“పిల్లలకు ఈత నేర్పే టీచరు ఆవిడ. ఆ రోజు గాలి కూడా లేదు. రెండు చేతుల వేళ్ళ కణుపులూ చితికిపోయి ఉన్నాయి. పడవ అంచు పట్టుకుంటే ఎవరో పైనుంచి కొట్టినట్టు.”

బస్సుల వేళలు చదివి వినిపిస్తున్నట్టు చెప్పింది నోయలీన్. ఉనైసీ ఆమె ముఖంలోకి చూసింది. అక్కడ ఆమెకేమీ దొరకలేదు.

“నాకు తెలుసు,” అంది చివరికి. “నేనడక్కుండానే చెప్పాడు. పేపర్లవాళ్ళు బతకనివ్వకపోతే పేరు మార్చుకున్నాడట. చెప్తూ చంటిపిల్లాడిలా ఏడ్చాడు.”

“వేళ్ళ సంగతి చెప్పాడా?”

ఉనైసీ జవాబు చెప్పేలోపే కింద రోడ్డు మీద హారన్ మోగింది. గ్లెన్ ట్రక్కు దిగి, నోటి చుట్టూ చేతులు పెట్టుకుని అరిచాడు.

“నోయలీన్! పెళ్ళికూతుర్ని నాకు కాస్త మిగులుస్తావా, లేదా?”

నోయలీన్ చెయ్యి ఊపింది. ఉనైసీ లేచి గబగబా చాప చుట్టింది.

“చర్చికి చాపలు తీసుకెళ్ళడానికొచ్చాడు. నేను వెళ్ళాలి.” చాప భుజానికెత్తుకుని రెండు మెట్లు దిగింది. అంతలోనే వెనక్కి తిరిగింది. “నాకు కడుపు మండిపోతోందక్కా. ఏడేళ్ళ తర్వాత నా ఇంట్లో ఒక మగమనిషి గొంతు వినబడుతోంది. దాన్ని కూడా ఓర్చుకోలేకపోయారా మీరు? కోర్టులో తీర్పు చెప్పడానికి జ్యూరీ అని పన్నెండు మంది మామూలు మనుషులు ఆరు వారాలు కూర్చుని అంతా విన్నారట. ఆ వేళ్ళ ఫొటోలు వాళ్ళూ చూసే ఉంటారు. ఒక్కరంటే ఒక్కరు కూడా అతను తప్పు చేశాడనలేదు. వాళ్ళకు కనబడనిది, పేపర్లో చదివిన నీకు కనబడిందా?”

నోయలీన్ ఖాళీ కప్పు కింద పెట్టింది.

“పదకొండు మందికి కనబడలేదు,” అంది. “ఒకావిడకు కనబడింది. అతను తప్పు చెయ్యలేదనడానికి నాలుగు రోజులు ఆవిడ ఒప్పుకోలేదు. అయిదో రోజు శుక్రవారం. సాయంత్రమైపోయింది. ఇళ్ళకు పోవాలి, నీ మూలంగా ఇరుక్కుపోయామని పదకొండు మందీ ఆవిడ మీద పడ్డారు. ఆవిడ ఒప్పుకుంటేగాని ఎవరూ కదలడానికి లేదు. ఆవిడకూ ఇంటికి పోవాలనిపించింది. సరేనని తలూపింది.”

కింద మళ్ళీ హారన్ మోగింది. ఉనైసీ కదలలేదు.

“తలుపులు మూసుకుని వాళ్ళు మాట్లాడుకున్న మాటలు నీకెవరు చెప్పారక్కా?”

“ఎవరూ చెప్పలేదు,” అంది నోయలీన్. “ఆ తలూపింది నేనే.”