ముసురులో విరిగిన పాలు

"మళ్లా ఇరిగినయా?" వాకిట్లోంచే కేక పెట్టాడు దశరథం. "ఆదివారం సంది నా నోట్లె మంచి చాయ్ పడకపాయె. గీ ఇంట్ల పాలు నిలబెట్టే చెయ్యే లేదా?"

వంటింట్లో ఉన్న కోడలు హరితకు తల కొట్టేసినట్టయింది. గరిటె పెట్టి కదిపితే పాలు ముక్కలు ముక్కలుగా తేలుతున్నాయి. పెళ్లయి అచ్చంపేట వచ్చాక ఆమెకిది మొదటి వానాకాలం. ముసురు వదలడం లేదు. కరెంటు ఇలా వచ్చి అలా పోతోంది. ఫ్రిజ్ ఉన్నా బట్టల బీరువాతో సమానం. వచ్చేదే ఒక్క పూట పాలు, అవీ నిలవడం లేదు.

"నేనే సరిగ్గ సూసుకుంటలేనేమో అత్తమ్మా," అంది కళ్లొత్తుకుంటూ.

"ముసుర్ల పాలు ఇరుగుడు కొత్తనా బిడ్డా? మీ మామ మాట పట్టించుకోకు," అంది జానమ్మ. "పారబొయ్యకు, జర బెల్లమేసి ఉడకబెడ్త. ఆయన ముట్టడు, నాకు షుగరాయె. నువ్వే తినాలె."

హరితకు మూడో నెల. ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు. పాలు తాగమని అత్త గ్లాసు చేతికిస్తే, "వద్దత్తమ్మా, మామకు చాయ్‌కుండనీ," అని పక్కకు జరిపేది. ఈ విరుగుడు మాత్రం వేడివేడిగా, తియ్యగా, వెనకాల కాస్త పుల్లగా గొంతు దిగుతుంటే గిన్నె అడుగు కనిపించేదాకా వదలదు. తిన్నది నిలుస్తోంది కూడా. తీరా తిన్నాక, అరుగు మీద మామ నల్ల చాయ్ ఊదుకుంటుంటే చూసి, ముద్ద మింగినందుకే సిగ్గుపడుతుంది.

మరునాడు పంతం పట్టింది. గిన్నెను మరిగే నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచింది. పాలు రాగానే వడగట్టి పొయ్యి మీద పెట్టింది. పొంగు వచ్చాక సెగ తగ్గించి ఇంకాసేపు మరగనిచ్చింది. దింపి, వెడల్పాటి పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి అందులో నిలిపింది. చుట్టూ తడిబట్ట కప్పి, పైన చిల్లుల మూత పెట్టింది.

"ఇగ పో బిడ్డా, జర నడుం వాల్చు," అంది జానమ్మ రోజూలాగే.

"పోనత్తమ్మా. ఇయ్యాల ఈడనే కూసుంట. ఎట్ల ఇరుగుతయో నేనూ సూస్త."

"పాలకు కావలుంటరా ఎవరన్న? నేను సూస్త గని, నువ్వు పండుకో."

"నిద్ర వస్తలేదు."

జానమ్మ గుమ్మం దాకా వెళ్లింది, తిరిగొచ్చింది. డబ్బాలు అటూ ఇటూ సర్దింది. "కాళ్లు వాస్తయి బిడ్డా," అని మరోసారి బతిమాలింది. హరిత పీట మీంచి కదల్లేదు. చివరికి జానమ్మ గొడుగు తీసుకుని, ఎవరినో వెతుక్కుంటున్నట్టు గాభరాగా వీధిలోకి నడిచింది.

వాన చూరు మీంచి జారుతూనే ఉంది. హరిత మెల్లగా మూత తీసి చూసింది. మీగడ తెల్లటి దుప్పటిలా పరుచుకుంది. చెంచాతో తీసి నాలుక మీద వేసుకుంది. పాలు కమ్మగా ఉన్నాయి. విరగలేదు! ఆమె మొహం విప్పారింది. మామ నోరు మూతపడేలా ఇవాళ చిక్కటి చాయ్ పెట్టాలని, లేచి పొయ్యి వెలిగించి చాయ్‌పత్త డబ్బా అందుకుంది.

అప్పుడే పెరటి కిటికీ రెక్క చప్పుడు కాకుండా తెరుచుకుంది. వానలో నిలువునా తడిసిన ఒక చెయ్యి, అప్పుడే తెంపిన నిమ్మకాయతో లోపలికి వచ్చింది. వెనకాలే దశరథం గుసగుస:

"జానా, జల్ది పిండు, పిల్ల లేస్తది. మంచి పాలైతే ముట్టదాయె. ఇయ్యాల చాయ్ కోసం గట్టిగ లొల్లి చెయ్యాల్నా, మెల్లగనా?"