గాలం చెప్పిన సాక్ష్యం

ఇప్పుడు ఊళ్లో చెంచా నుంచి పడవ దాకా ప్రతి వస్తువూ తన దినచర్య తనే రాసుకుంటోంది. ఆ రాతలన్నీ ఒకచోట చేరతాయి. ఎవరు ఏమడిగినా పైసా తీసుకోకుండా ఏ ఇంటి గోడైనా చదివి చెబుతుంది. నాలాంటి కోతలరాయుళ్ల నోట్లో మట్టి కొట్టారు.

వియ్యాలవారింట్లో భోజనాల దగ్గర, నేను పట్టిన మొసలంత వాలుగ చేప కథ ఎత్తుకున్నాను. వియ్యంకుడు పుల్లంరాజు గోడకేసి తిరిగాడు.

"బావగారి గాలం రాసినవాటిలో చేపల పొడవులు మాత్రం చదువు. అబద్ధమైతే ఇక మా ఇంట్లో కథలు కట్టిపెట్టాలి బావగారూ!"

నేను గబగబా పెరుగు వడ్డించుకున్నాను. ఆ చేప జానెడే మరి.

గోడ చదివింది: "వాలుగ, తాటిచెట్టంత. తోక ఇంకా ఏట్లోనే ఉంది."

పుల్లంరాజుకు పొలమారింది. "గాలానికి కూడా నేర్పారా?"

"నేర్పడమెందుకు బావగారూ! పదేళ్లుగా నా పక్కనే కూర్చుని వింటోంది. మంచినీళ్లు తాగి మా పడవనడగండి, అది ఇంకా బాగా చెబుతుంది."