ఎవరూ రాలేదు బాబూ

“ఈ రెండు వారాల్లో మీ ఇంటికి ఎవరెవరు వచ్చారో చెప్పండమ్మా.”

“ఎవరూ రాలేదు బాబూ.”

అతను ఆ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. ఫోన్ స్పీకర్‌లోంచి ఆమె ఆయాసం తరగతి గదంతా వినిపిస్తోంది. లాక్‌డౌన్‌తో బడి మూతపడ్డాక దాన్ని ఫోన్ల గదిగా మార్చారు. వైరస్ సోకినవాళ్ళకి ఫోన్ చేసి, అది ఎవరి నుంచి వచ్చిందో కూపీ లాగడం అతని పని. నల్లబల్ల మీద ఒక్కో రోగికి ఒక్కో సున్నా. ఎవరి నుంచి ఎవరికి అంటుకుందో బాణం గుర్తులు. ఈ వారం పదకొండు సున్నాలకి బాణాల్లేవు. ఇది పన్నెండోది.

“వదలకు,” పక్కన నిలబడి వింటున్న సూపర్‌వైజరమ్మ గుసగుసలాడింది. “రోగం ఆకాశంలోంచి ఊడిపడుతుందా?”

“బయటికేమైనా వెళ్ళారా అమ్మా?”

“మోకాళ్ళు సహకరించొద్దూ? మిషన్ ముందు కూర్చుని మాస్కులు కుడుతున్నాను.”

“అవి తీసుకెళ్ళేవాళ్ళు?”

“కిటికీలోంచి కర్రకి తగిలించి అందిస్తాను. చేపలు పడుతున్నావా అని వీధిలో అందరూ ఒకటే ఎగతాళి.”

నవ్వబోయింది. దగ్గుతెర కమ్మేసింది. అది ఆగేదాకా అతను పెన్ను కింద పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

“మొన్న కాదు, అంతకుముందు ఆదివారం. బాగా గుర్తు తెచ్చుకోండమ్మా. ఎవరో ఒకరు వచ్చే ఉంటారు.” బతిమాలుతున్నట్టే ఉంది గొంతు.

ఆమె గొంతు తగ్గించింది.

“వచ్చారే అనుకో. వాళ్ళనేం చేస్తారు?”

సూపర్‌వైజర్ కళ్ళు మెరిశాయి.

“విడిగా ఉంచి పరీక్ష చేస్తారు. వాళ్ళ మంచికేనమ్మా.”

“కేసు పెడతారా?”

“లాక్‌డౌన్ నిబంధన మీరారు కాబట్టి... పెడతారు.”

“ఉద్యోగం చేసుకునే మనిషైతే?”

అతను సూపర్‌వైజర్ వైపు చూశాడు. ఇక ఉండదన్నట్టు ఆవిడ తల అడ్డంగా ఊపింది.

“పోతుందమ్మా.”

“మరైతే ఎవరూ రాలేదు బాబూ.”

“మొండిఘటం!” సూపర్‌వైజర్ పళ్ళు కొరికింది. “ఎవర్నో వెనకేసుకొస్తోంది. ఆ మహానుభావుడు ఊరంతా అంటిస్తూ తిరుగుతుంటే, మనం ఇక్కడ సున్నాలు చుట్టుకుంటూ కూర్చోవాలి. ‘మూలం తెలియదు’ అని రాసెయ్.”

అతను రాయలేదు. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. ఈలోగా ఆవిడే అతని పెన్ను అందుకుని రాసి, సంతకం పెట్టి, ఆ పెన్నుతోనే తల గోక్కుంటూ పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఫోన్లో అంబులెన్స్ కూత దగ్గరవుతోంది. అతను స్పీకర్ ఆపి, రిసీవర్ చెవికి ఆనించుకున్నాడు.

“ఇప్పుడెవరూ వినడం లేదమ్మా.”

“ఆ ఆదివారం నువ్వొచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నావని ప్రాణం పోయినా చెప్పను గానీ, నువ్వూ నోరు జారకు కన్నా.”