పొదుపు నీళ్ళు

“ఏవయ్యా, లోపలే కాపురం పెట్టావా?” రెన్స్కె మరుగుదొడ్డి తలుపు దబదబా బాదింది.

“వస్తేగా!” లోపలినుంచి మొగుడు హార్మ్ విసుక్కున్నాడు.

“ఇంకాసేపట్లో లాకులు తెరుస్తారు. పోస్టు డబ్బా ఈ గట్టు మీదే ఉంది. దాటామంటే మళ్ళీ జర్మనీ పోయొచ్చేదాకా నీ కవరు పడదు.”

“నెత్తి మీద కూర్చుంటే ఎవడికొస్తుందే!”

రెన్స్కె గోడకి జారగిలబడింది. ఈ మధ్య కాసేపు నిలబడితే చాలు, కాళ్ళు లాగేస్తున్నాయి. పెళ్ళైనప్పటి నుంచీ రైన్ నది మీద ఇసుకా కంకరా మోసే ఈ పడవే వాళ్ళ ఇల్లు, వాళ్ళ బతుకు. చుక్కాని అతనిది, తాళ్ళు ఆమెవి. తాళ్ళు లాగీ లాగీ ఒళ్ళు హూనమైపోయిందనుకుంటోంది. అంతకుమించి తన ఒంటి గురించి ఆలోచించే తీరిక ఆమెకి ఎక్కడిది?

దిగులంతా హార్మ్ గురించే. యాభై అయిదు నిండినవాళ్ళకి హాలండులో రెండేళ్ళకోసారి ఇంటికి కవరు వస్తుంది. అందులో చిన్న గొట్టం, దాని మూతకి ఓ పుల్ల. మలంలో నాలుగుచోట్ల పుల్ల గుచ్చి, గొట్టంలో పెట్టి పంపితే, కంటికి కనపడని రక్తం ఉందేమో చూసి చెబుతారు. ఇంతోటి పనికి ఈ మహానుభావుడు ఎన్ని సాకులు చెప్పాడో! ఇంతకుముందు వచ్చిన కవర్లు ఇంజను గదిలో నూనెడబ్బాల కింద పడి మాసిపోయాయి. ఈసారి ఆమె పట్టిన పట్టు విడవలేదు.

“మా నాన్నా ఇంతే. గుండ్రాయిలా ఉన్నానన్నాడు,” అంది నిన్న సూప్ వడ్డిస్తూ. “పేగులో కాయ పెరిగేటప్పుడు నెప్పి పుట్టదయ్యా. నెప్పి పుట్టేసరికి చెయ్యి దాటిపోతుంది. ముందే కనిపిస్తే అప్పటికప్పుడు తుంచి పారేస్తారు.”

“మరి నువ్వో?”

“నాకింకా కవరొచ్చే వయసు రాలేదు. నీ సంగతి చూసుకో. మన మరుగుదొడ్డి కుండీలో అరుగు కూడా ఉంది, పడింది దాని మీదే ఉంటుంది, నీళ్ళలో పడుతుందన్న బెంగ లేదు.”

ఆ పాతకాలపు కుండీ అన్నా, దాని చేతిపంపన్నా హార్మ్‌కి ప్రాణం. పడవలో మంచినీళ్ళ ట్యాంకు చిన్నది కదా, పొద్దున్నే ముందు ఆమె, వెనకే అతను వెళ్ళి, ఇద్దరిదీ అయ్యాకే పంపు కొట్టాలని పెళ్ళైన కొత్తలోనే శాసనం చేశాడు. ఇన్నేళ్ళుగా అదే నడుస్తోంది.

లోపల పంపు చప్పుడైంది. హార్మ్ బయటికొచ్చి గొట్టం ఆమె చేతిలో పెట్టాడు. “ఇదిగో. ఇకనైనా నా ప్రాణం తియ్యకు.”

రెన్స్కె ఇనుప నిచ్చెనెక్కి, రొప్పుతూ గట్టు మీద కవరు డబ్బాలో వేసింది. గుండెల మీద బరువు దిగినట్టనిపించింది.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. రక్తం ఉందనీ, ఆస్పత్రికొచ్చి కెమెరా గొట్టం వేయించుకుని పేగంతా చూపించుకోవాలనీ జవాబొచ్చింది. రెన్స్కె ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది.

“రక్తం ఉన్నంతమాత్రాన అదే అనుకోకు. మొలలైనా కావచ్చు,” అంది.

హార్మ్ ఆమె మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి మనిషి మారిపోయాడు. ఆమెని తాళ్ళు ముట్టుకోనివ్వడు. బంగాళాదుంపలు తనే చెక్కుతాడు. “కూర్చోవే, నేను చూసుకుంటాగా,” అంటాడు. భయం మొగాణ్ణి ఇంత మెత్తబరుస్తుందా అనుకుందామె.

“పోయేవాడిలా ఈ సేవలేమిటి? నేను చూడలేను!” అని ఓసారి కసిరింది కూడా.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది. “మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా?”

“మా మామగారికి,” అన్నాడు హార్మ్.

డాక్టరమ్మ నవ్వేసింది. “మామగారిది అల్లుడికి రాదులెండి.”

లోపలికి వెళ్తూ హార్మ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “ఏదో ఒకటి దొరికితే బాగుణ్ణే.”

“నోరు ముయ్యి! అలాంటివి ఎవరైనా కోరుకుంటారా?”

బయట బల్ల మీద కూర్చుని ఆమె మొక్కని మొక్కు లేదు. ఈ పడవ అమ్మేస్తాను, అతన్ని మాత్రం నాకుంచు తండ్రీ అనుకుంది.

చివరికి డాక్టరమ్మ వచ్చింది. “ఏమీ లేదండీ. పేగు అద్దంలా ఉంది, మొలలు కూడా లేవు. పదేళ్ళదాకా మీరు మా మొహం చూడక్కర్లేదు.”

రెన్స్కె నవ్వుతూనే బావురుమంది. హార్మ్ మాత్రం మంచం మీద కదలకుండా అడిగాడు. “మరి ఆ రక్తం ఎక్కడిది?”

“ఒక్కోసారి ఎక్కడిదో తేలదు.”

రేవుకి నడిచి వెళ్తుంటే సగం దారిలోనే రెన్స్కెకి ఆయాసమొచ్చి గట్టు మీద చతికిలబడింది. హార్మ్ పక్కన కూర్చున్నాడు. 

“అంతా బాగుందని చెప్పారుగా,” అంది ఆమె అతని చొక్కా గుండీ సరిచేస్తూ. “ఇంకా ఎందుకయ్యా ఆ ఏడుపు మొహం?”

“ఆ పొద్దున అరుగు మీద పుల్లకి అంటింది ఇద్దరిదీ, రెన్స్కె.”