మెట్ల మీది బేరం

ఇటు జరగండి, ఇంకొంచెం దగ్గరికి. చేతిలో చాయ్ గ్లాసు ఉంటే కింద పెట్టుకోండి, నవ్వితే ఒలుకుతుంది. ఇంద్రేశంలో కిరాణా దుకాణం నడిపే రాజేశం ఆయిల్ కంపెనీ షేర్లు కొనబోయిన ముచ్చట ఇది.

"ఓటీపీ చెప్పు, అరుణా," అన్నాడు రాజేశం.

"చెప్ప," అంది ఆయన భార్య అరుణాదేవి, ఫోను కొంగులో చుట్టుకుంటూ.

పటాన్‌చెరు బజారులో కింద నగల దుకాణం, మధ్యన పంటి డాక్టరు, ఆ పైన శ్రీధర్ షేర్ల ఆఫీసు. ఆ వారం ఆఫీసు గోడ మీది టీవీలో ఎరుపు తప్ప వేరే రంగు లేదు. అన్నీ పడుతున్నాయి, ఆయిల్ షేర్లు మరీ పడుతున్నాయి. రాజేశం కొనాలనుకుంది అందుకే. కానీ చిట్టి ఎత్తిన డబ్బు అరుణాదేవి ఖాతాలో ఉంది. ఆమె ఫోనుకు వచ్చే నంబరు చెబితే తప్ప రూపాయి కదలదు.

"ఇది గాజులకని ఎత్తిన చిట్టి," అంది ఆమె. "అప్పుడు గాజులంటే ట్రాలీ ఆటో వచ్చింది. మొన్న గాజులంటే దుకాణానికి ఫ్రిజ్జు వచ్చింది. ఇప్పుడు ఆయిలా?"

"పెద్ద కంపెనీ అది. ఇయ్యాల పడ్డది, రేపు లేస్తది. కాజీపల్లి పోయే లారీలు నీళ్లతోని నడుస్తయా? లేసినంక గాజులేంది, వడ్డాణమే చేయిస్త."

"సుల్తాన్‌పూర్ పోయే ఆటోలు చూసిన్రా? అన్నీ కరెంటువే."

శ్రీధర్ నవ్వాపుకున్నాడు. "లేస్తదని నేను రాసియ్యలేనమ్మా. ఇంకా పడొచ్చు గూడ. ఇష్టముంటేనే కొనుండ్రి."

"షేరు ఎంత?" అంది అరుణాదేవి.

"మూడు వందల పన్నెండు."

"మూడు వందలకియ్యి."

శ్రీధర్ బిత్తరపోయాడు. "ఇది నేను పెట్టిన ధర గాదమ్మా. బొంబాయిల నడుస్తది."

"అయితే బొంబాయోళ్లకే చెప్పు," అని ఆమె చెప్పులు తొడుక్కుని మెట్లు దిగింది.

రాజేశం తల పట్టుకున్నాడు. కొత్తిమీర కట్ట దగ్గరైనా పట్టుచీర దగ్గరైనా అరుణాదేవిది ఒకటే పద్ధతి. తన ధర చెబుతుంది, లేస్తుంది, వెనక్కి చూడకుండా నడుస్తుంది. సంగారెడ్డి అంగట్లో ఆమెను వెనక్కి పిలవని వాడు లేడు. కానీ షేరు పిలుస్తుందా ఎక్కడైనా?

"సేటూ," అన్నాడు శ్రీధర్, టీవీ చూపిస్తూ. "మూడు వందల ఆరు."

రాజేశం టీవీ వైపు చూశాడు, మెట్ల వైపు చూశాడు, ఒక్క ఉరుకున పోయి కేకేశాడు. "అరుణా, తగ్గించిన్రు, రా."

ఆమె తీరుబడిగా పైకి వచ్చింది, మూతి తుడుచుకుంటూ. ఎండకు ఎవరో కూల్‌డ్రింక్ ఇచ్చారట. "నేనన్నది మూడు వందలు. మీదికెల్లి ఈ ఆరు ఎందుకు?" అని మళ్లీ దిగింది.

ఆఫీసులో ఉన్నవాళ్లంతా టీవీ ముందుకు చేరారు. ఆమె చెప్పుల చప్పుడు కిందికి పోతున్నకొద్దీ అంకె కూడా దిగుతూ పోయింది. రెండు వందల తొంభై ఎనిమిది. కాజీపల్లి మందుల కంపెనీలో పనిచేసి రిటైరైన సంగయ్య కుర్చీలోంచి లేచి దండం పెట్టాడు.

అరుణాదేవి వచ్చీ రాగానే ఫోను తీసింది. "నా ధరకు వచ్చిన్రు గద. చెప్పనా నంబరు?"

రాజేశం కళ్లలో మెరుపు. "ఆగాగు. ఇంకోసారి పోయి రారాదు."

"నేను చెప్తనంటున్న. పొమ్మంటున్నది మీరు. యాదుంచుకోండ్రి."

"నేనే అంటున్న. పో తల్లీ, జెర నిమ్మలంగనే రా."

"చెల్లె," అన్నాడు సంగయ్య, "నా తాన మందుల షేర్లున్నయి, అవి పెరగాలె. వచ్చేటప్పుడు సీదా డాబా మీదికి ఎక్కి నిలబడరాదు?"

ఈసారి ఆమె చాలాసేపు రాలేదు. షేరు మాత్రం జారుడుబండ మీద కూర్చున్నట్టు దిగుతోంది. రాజేశం అందరికీ చాయ్ చెప్పాడు. వడ్డాణం మాట దాటిపోయి ఇంద్రేశం కొత్త వెంచర్లో కార్నరు ప్లాటు దాకా వెళ్లాడు. గోల విని, పంటి డాక్టరు దగ్గరికి వచ్చినాయన నోట్లో దూదితోనే పైకి వచ్చి, తనకూ రెండు షేర్లు కావాలని వేళ్లతో చూపించాడు.

మార్కెట్ మూసే వేళ దగ్గర పడింది. అప్పుడు వచ్చింది అరుణాదేవి, భుజాల నిండా కొంగు కప్పుకుని, మహా శాంతంగా.

"ఇగ చాలు. ఓటీపీ చెప్పు, జల్దీ," అన్నాడు రాజేశం.

ఆమె ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అంకె తర్వాత అంకె, పాట పాడినట్టు చెప్పింది. శ్రీధర్ నొక్కాడు. అందరూ ముందుకు వంగారు. శ్రీధర్ తల గోక్కున్నాడు.

"సేటూ, ఖాతాల పైసల్లేవంటున్నది."

"ఎట్ల లేవు? పొద్దుగాల నేను చూసిన గద."

అరుణాదేవి కొంగు తీసి రెండు చేతులూ ముందుకు చాపింది. కొత్త గాజులు గలగలమన్నాయి.

"నేను దిగినప్పుడల్లా ఇక్కడ మీ షేరు తగ్గింది," అంది, "ఎక్కినప్పుడల్లా కింద నగల దుకాణంల నా గాజుల మజూరీ తగ్గింది."

ఈ ముచ్చట యాదిలో పెట్టుకుని ఇంకొకరికి చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం ఆ నగల దుకాణం మాట పంటి డాక్టరు పక్కన కలిపేసి మెల్లగా దాటించండి. రాజేశం లాగే వాళ్లకూ చివరికే తెలియాలి.